సముద్ర ఏంజెల్ చేపల్లో ఆడ, మగ: గుర్తించడం ఎలా?

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు ఏర్పాటు చేసుకునేవారు మక్కువతో పెంచే చేపల్లో సముద్ర ఏంజెల్ చేపలు ముఖ్యమైనవి. వీటిని జతగా పెంచదలచినవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఏది ఆడ, ఏది మగ అన్నదే. పొరపాటున రెండు మగచేపలను ఒకే తొట్టిలో వదిలితే అవి పోట్లాడుకుంటాయి. బలహీనమైన చేప గాయపడి, మేత ముట్టక, చివరకు మరణించే ప్రమాదం ఉంది.

పేరు ఒకటే, కుటుంబాలు వేరు

మంచినీటి తొట్టెల్లో కనిపించే ఏంజెల్ చేపలు దక్షిణ అమెరికా నదులకు చెందిన సిక్లిడ్ కుటుంబంలోనివి. సముద్ర ఏంజెల్ చేపలు పోమకాంథిడే అనే వేరొక కుటుంబానికి చెందినవి. ఇందులో సుమారు 90 జాతులున్నాయి. మొప్పల మూత దిగువన వెనుకకు పొడుచుకువచ్చిన బలమైన ముల్లు ఈ కుటుంబానికి గుర్తు. చూడటానికి దగ్గరగా ఉండే సీతాకోకచిలుక చేపలకు ఈ ముల్లు ఉండదు.

పుట్టుకతో స్థిరపడని లింగం

ఈ కుటుంబంలోని అనేక జాతుల్లో చేపలు మొదట ఆడవిగా ఎదుగుతాయి. పగడపు దిబ్బలపై ఒక మగచేప, కొన్ని ఆడచేపలు కలిసి గుంపుగా జీవిస్తాయి. మగచేప మరణించినా, గుంపును వీడినా, ఆడచేపల్లో పెద్దదైన, ఆధిపత్యం గలది కొన్ని వారాల్లో మగచేపగా మారుతుంది. శాస్త్రవేత్తలు దీనిని ప్రొటోగైనీ అంటారు. క్లౌన్ చేపల్లో ఇందుకు భిన్నంగా మగచేపే ఆడచేపగా మారుతుంది. కొన్ని మరుగుజ్జు ఏంజెల్ జాతుల్లో మగచేప తిరిగి ఆడచేపగా మారడాన్ని కూడా పరిశోధకులు గమనించారు. కాబట్టి నేడు ఆడదని కొన్న చేప, తొట్టిలో దాని స్థానాన్ని బట్టి కొన్ని నెలలకు మగది కావచ్చు.

రంగును బట్టి తెలిసే జాతులు

జెనికాంథస్ ప్రజాతిలో ఆడ, మగ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. లామార్క్ ఏంజెల్‌లో మగచేపకు పొట్ట కింది రెక్కలు నల్లగా, ఆడచేపకు తెల్లగా ఉంటాయి. మెలనోస్పిలస్ జాతిలో మగచేప ఒంటిపై నిలువు నల్లచారలుంటాయి. ఆడచేపకు ఆ చారలుండవు. వీపు పసుపుగా ఉండి, తోక అంచులు నల్లగా కనిపిస్తాయి. తూర్పు పసిఫిక్‌లో నివసించే కింగ్ ఏంజెల్‌లో మగచేప పొట్ట కింది రెక్కలు తెల్లగా, ఆడచేపవి పసుపుగా ఉంటాయి.

సెంట్రోపైజీ ప్రజాతికి చెందిన మరుగుజ్జు ఏంజెల్ చేపల్లో తేడా స్వల్పం. ఎర్రని ఫ్లేమ్ ఏంజెల్‌లో మగచేప సాధారణంగా పెద్దది. దాని వెన్ను రెక్క, తోకకు ముందున్న కింది రెక్క చివరల్లో నీలి గీతలు ఎక్కువగా ఉంటాయి. రెండు చేపలను పక్కపక్కన పోల్చి చూసినప్పుడే ఈ తేడా కొంతవరకు తెలుస్తుంది. ఒంటరి చేపను చూసి నిర్ణయించడం కష్టం.

వయసు తేడాను లింగభేదంగా భావించరాదు

ఎంపరర్ ఏంజెల్ పిల్లచేప ముదురు నీలి రంగులో తెల్లని వలయాలతో ఉంటుంది. ఎదిగిన చేపకు నీలి ఒంటిపై పసుపు చారలు వస్తాయి. ఈ రెండింటినీ ఆడ, మగ అనుకోవడం పొరపాటు. ఇది వయసుతో వచ్చే మార్పు మాత్రమే. ఒకప్పుడు శాస్త్రవేత్తలే ఈ పిల్లచేపను వేరే జాతిగా భావించి, 1801లో నికోబార్ దీవుల పేరు పెట్టారు. సుమారు 40 సెంటీమీటర్ల వరకు పెరిగే ఈ పెద్ద జాతిలో రంగును బట్టి లింగాన్ని నిర్ధారించడం నమ్మదగిన పద్ధతి కాదు.

ప్రవర్తన చెప్పే ఆధారం

జత కుదిరిన చేపలు సాయంసంధ్య వేళ, వెలుతురు తగ్గుతున్నప్పుడు గుడ్లు విడుస్తాయి. మగచేప రెక్కలు విప్పి ఆడచేప చుట్టూ తిరుగుతుంది. దాని పొట్టను మూతితో తాకుతుంది. ఆపై రెండూ కలిసి నీటిలో పైకి లేచి గుడ్లను, వీర్యాన్ని విడుదల చేస్తాయి. రంగు తేడా లేని జాతుల్లో పెంపకందారుకు దొరికే బలమైన ఆధారం ఇదే.

కొనేముందు

మరుగుజ్జు జాతులను జతగా పెంచాలంటే, ఒకే జాతికి చెందిన, పరిమాణంలో స్పష్టమైన తేడా ఉన్న రెండు చిన్న చేపలను ఎంచుకోవడం మేలు. ముందుగా చిన్నదాన్ని తొట్టిలో వదలాలి. అది అలవాటుపడిన తర్వాత పెద్దదాన్ని చేర్చాలి. సాధారణంగా పెద్దది మగచేపగా మారుతుంది, చిన్నది ఆడచేపగానే ఉండిపోతుంది. సమాన పరిమాణంలో ఉన్న రెండు పెద్ద చేపలను జతగా అమ్మజూపితే, అవి దుకాణంలో ఒకే తొట్టిలో కలిసి మెలగుతున్నాయో లేదో స్వయంగా గమనించాలి. దాక్కునేందుకు తగినన్ని రాళ్లు, గూళ్లు ఏర్పాటు చేయాలి. తొలిరోజుల్లో రెక్కలు చిరగడం, ఒక చేప మూలకే పరిమితం కావడం కనిపిస్తే ఆలస్యం చేయక రెండింటినీ వేరుచేయాలి.