రుమటాయిడ్ ఆర్థరైటిస్ - రోగి విద్య

రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు తమ వ్యాధిని గురించి, దానితో దైనందిన జీవితం గడిపే పద్ధతులను గురించి క్రమపద్ధతిలో నేర్పడాన్ని రోగి విద్య అంటారు. ఇది మందులకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. ఈ వ్యాధిలో శరీరపు రోగనిరోధక వ్యవస్థ తన కీళ్ళ లోపలి పొరపైనే దాడి చేస్తుంది. కీళ్ళు వాచి, ఉదయం పూట బిగుసుకుపోయి, చికిత్స లేనిచో క్రమేపీ వంకర తిరుగుతాయి. పురుషుల కంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. వ్యాధిని ఏళ్ళ తరబడి అదుపులో ఉంచుకోవాలి. వైద్యుని ఎదుట గడిపే కొద్ది నిమిషాలు పోగా మిగిలిన కాలమంతా ఆ పని రోగిదే.

అవసరం

ఈ వ్యాధికి సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. దీనిని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొన్నవారిలో ఎముక మజ్జ దెబ్బతిని మరణాలు సైతం సంభవించాయి. మందు గుణం కనిపించడానికి 6 నుండి 12 వారాలు పడుతుంది. ఆ సంగతి తెలియనివారు నొప్పి తగ్గలేదని మానివేస్తారు. తగ్గినవారు ఇక అవసరం లేదని మానివేస్తారు. గర్భం ధరించదలచిన స్త్రీలు ముందుగానే వైద్యుని సలహాతో దీనిని ఆపవలసి ఉంటుంది.

స్టాన్‌ఫర్డ్ కార్యక్రమం

ఇటువంటి కార్యక్రమాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆర్థరైటిస్ సెల్ఫ్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం. 1970ల చివరలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ దీనిని రూపొందించింది. వారానికి 2 గంటల చొప్పున 6 వారాలు తరగతులు జరుగుతాయి. బోధకులు వైద్యులు కారు; శిక్షణ పొందిన ఇద్దరు సామాన్యులు, తరచుగా కీళ్ళవ్యాధి ఉన్నవారే. వ్యాయామం, నొప్పిని తట్టుకోవడం, వైద్యునితో మాట్లాడే తీరు పాఠ్యాంశాలు. ప్రతివారం ప్రతి వ్యక్తీ తాను చేయదలచిన ఒక పనిని ఎంచుకొని, చేయగలనన్న నమ్మకం ఎంతో 0 నుండి 10 లోపు అంకెలో చెప్పాలి. అది 7కు తక్కువైతే పనిని తేలిక చేసుకోవాలి.

ఫలితాలు

1989లో లోరిగ్ బృందం ప్రకటించిన ఫలితం నిర్వాహకులకే ఆశ్చర్యకరమైనది. నొప్పి తగ్గడానికీ, రోగులు వ్యాయామం వంటి అలవాట్లు పెంచుకోవడానికీ మధ్య సంబంధం బలహీనంగా ఉంది. 1977లో ఆల్బర్ట్ బందూరా ప్రతిపాదించిన "స్వీయ సామర్థ్య విశ్వాసం", అనగా ఈ పని నేను చేయగలనన్న నమ్మకం, అంతకంటే బలమైన కారణంగా తేలింది. 1993 నాటి పరిశోధనలో, తరగతులు ముగిసిన 4 సంవత్సరాలకు నొప్పి సగటున 20 శాతం, వైద్యుని వద్దకు వెళ్ళడం 40 శాతం తగ్గాయి. అదే కాలంలో శారీరక వైకల్యం మాత్రం 9 శాతం పెరిగింది. అంటే వ్యాధి ఆగలేదు, దానిని భరించే శక్తి పెరిగింది.

ఈ అంకెలను రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు నేరుగా అన్వయించరాదు. స్టాన్‌ఫర్డ్ తరగతులకు వచ్చినవారిలో అధికులు వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల గలవారు. రుమటాయిడ్ రోగులపై జరిగిన 31 అధ్యయనాలను పరిశీలించిన 2003 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, రోగి విద్య వలన వైకల్యం, మానసిక స్థితి మొదలగు వాటిలో స్వల్పమైన తక్షణ ప్రయోజనం ఉన్నది. దీర్ఘకాలిక ప్రయోజనానికి ఆధారం లభించలేదు.

చేయించి నేర్పడం

అయితే నేర్పే పద్ధతిని బట్టి ఫలితం మారవచ్చు. బ్రిటన్‌లో ఆలిసన్ హామండ్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 127 మంది రుమటాయిడ్ రోగులను రెండు వర్గాలు చేసింది. రెండింటికీ 8 గంటల శిక్షణే. ఒక వర్గానికి ప్రధానంగా సమాచారం చెప్పారు. రెండవ వర్గానికి కీళ్ళపై భారం పడకుండా పనులు చేయడం సాధన చేయించారు. గిన్నెను వేళ్ళతో కాక రెండు అరచేతులతో ఎత్తడం, బరువైన సంచిని ముంజేతికి తగిలించుకోవడం వంటివి ఈ కోవకు చెందుతాయి. 2004లో ప్రకటించిన వివరాల ప్రకారం 4 ఏళ్ళ తరువాత కూడా రెండవ వర్గంలో ఉదయపు బిగుతు, చేతి వైకల్యాలు తక్కువగా ఉన్నాయి.

2015లో యూలార్ అనే ఐరోపా రుమటాలజీ సంస్థ వెలువరించిన సిఫారసులు రోగి విద్యను ప్రామాణిక చికిత్సలో భాగంగా పేర్కొన్నాయి. వ్యాధి నిర్ధారణ నాడు ఒకసారి చెప్పి ఊరుకొనక, మందు మార్చినప్పుడు, అవసరం కలిగినప్పుడు మరల నేర్పాలని, బోధించేవారికి కూడా శిక్షణ ఉండాలని అవి సూచించాయి.