లేయర్ ఎఫెక్ట్స్: ఫోటో దిద్దుబాటులో పొరల ప్రభావాలు

కంప్యూటరులో ఛాయాచిత్రాలను దిద్దే సాఫ్ట్‌వేర్లలో చిత్రాన్ని ఒకే రేకుగా గాక, ఒకదానిపై ఒకటి పేర్చిన గాజు పలకల వలె ఉంచుకొనే వీలున్నది. ఈ పలకలకే లేయర్లు, అనగా పొరలు, అని పేరు. అడుగు పొరలో పాత ఫోటో, దానిపై పూలదండ, ఆపైన పేరు, ఇలా దేనికది విడిగా నిలుస్తుంది. ఒక పొరలోని బొమ్మకు గాని అక్షరాలకు గాని నీడ, అంచుగీత, కాంతి, ఉబ్బు వంటివి తగిలించడమే లేయర్ ఎఫెక్ట్. అడోబ్ ఫోటోషాప్‌లో పొరలు 1994 నాటి 3.0 వెర్షన్‌తోను, ఎఫెక్ట్స్ 1998 నాటి 5.0 వెర్షన్‌తోను వచ్చాయి. 2000లో వెలువడిన 6.0 నుండి అవన్నీ లేయర్ స్టైల్ అనే ఒకే పెట్టెలో చేరాయి.

బళ్లారి, హోసూరు, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో పని లేకపోలేదు. పెద్దకర్మ నాటికి తాతగారి పటం కట్టించాలన్నా, పెండ్లి ఫ్లెక్సీపై వధూవరుల పేర్లు రెండు లిపులలో వేయించాలన్నా స్టూడియోకు వెళ్ళక తప్పదు. అనేక ఇళ్ళలో తాతగారిది ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఆ ఒక్క ఫోటో మీద జరిగే పని ఏమిటో ఇంటివారికి కొంతైనా తెలిసి ఉండడం మేలు.

ఎఫెక్ట్ యొక్క ముఖ్య గుణం, అది బొమ్మలోని అసలు చుక్కలను, అనగా పిక్సెళ్ళను, మార్చకపోవడం. పొర పేరు ప్రక్కన ఎఫ్ఎక్స్ అనే చిన్న గుర్తుగా అది నిలిచి ఉంటుంది. దాని ప్రక్కనున్న కంటి బొమ్మను నొక్కితే ప్రభావం మాయమై అసలు రూపం కనబడుతుంది. పొరలను ఒకటిగా కలిపి అదే ఫైలుపై భద్రపరచినచో ఈ సౌకర్యం పోతుంది. కావున స్కాన్ చేసిన మూల ఫైలును తాకక, దాని నకలుపైనే పని చేయవలెను. బ్యాక్‌గ్రౌండ్ అనే అడుగు పొర తాళం వేసి ఉంటుంది గనుక దానికి ఎఫెక్ట్ అంటదు. దానిపై రెండు మార్లు నొక్కి మామూలు పొరగా మార్చిన తరువాతనే అంటుతుంది.

పెట్టెలో పది ప్రభావాలున్నా, గ్రామీణ అవసరాలకు తరచు పనికివచ్చేవి రెండే: నీడకు డ్రాప్ షాడో, అంచుగీతకు స్ట్రోక్. ఉబ్బు చూపే బెవెల్ అండ్ ఎంబాస్ ఫ్లెక్సీలపై మితిమీరి కనబడుతున్నది. మెరుగు పెరిగిన కొద్దీ పేరు చదవడం కష్టమవుతుంది.

స్ట్రోక్ విషయంలో తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. అంచుగీత మందమైతే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ద, ధలకు గల భేదం క్రింది చిన్న గీత మాత్రమే. ఆ గీత అక్షరంలో కలిసిపోతే ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి అవుతుంది. ప, ఫల సంగతీ అంతే. కన్నడ లిపిలోను ఇదే ఇబ్బంది. తమిళంలో అక్షరంపై ఉండే చుక్క కలిసిపోయి పొల్లు హల్లు కాస్తా అకారాంతంగా కనబడుతుంది. ఒడియా అక్షరాలలో చాలావాటికి పైవంపు ఒకే తీరుగా ఉండి, భేదమంతా క్రింది భాగంలోనే ఉంటుంది గనుక అక్కడా జాగ్రత్త అవసరం. అక్షరం ఎత్తు 100 పిక్సెళ్ళున్నప్పుడు 3 లేక 4 పిక్సెళ్ళ గీత చాలును. గీతను లోపలి వైపు గాక వెలుపలి వైపు పెడితే అక్షరం సన్నబడదు.

ఇక నీడ. పెండ్లి నాటికి లేని తండ్రిగారి బొమ్మను కుటుంబ ఫోటోలో చేర్చమని కోరేవారు ఉన్నారు. అట్టి పనిలో ముందుగా ఫోటోలోని వారి ముక్కు నీడ ఏ ప్రక్కన పడినదో చూసుకోవలెను. చేర్చే బొమ్మలోను వెలుగు అదే వైపు నుండి రాకుంటే ఎంత నీడ వేసినా అతుకు తెలిసిపోతుంది. డ్రాప్ షాడో అన్నది వెనుక గోడపై పడినట్టి నీడ. నేలపై నిలిచిన మనిషికి అది పొసగదు. అందుకు లేయర్ స్టైల్ మెనూలోని క్రియేట్ లేయర్ అనే ఆదేశంతో నీడను వేరే పొరగా విడదీసి, నేలవైపు వాల్చవలసి ఉంటుంది. యూజ్ గ్లోబల్ లైట్ అనే గడిలో టిక్కు ఉంటే అన్ని పొరల నీడలూ ఒకే దిక్కుకు పడతాయి. ఒక పొరలో కోణం మార్చితే మిగిలినవీ మారతాయన్నది గుర్తుంచుకోవలెను.

చిన్న పటాన్ని పెద్దది చేసినప్పుడు మరొక చిక్కు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 4×6 అంగుళాల చిత్రం 1200×1800 పిక్సెళ్ళు, 12×18 చిత్రం 3600×5400 పిక్సెళ్ళు. ఇమేజ్ సైజ్ పెట్టెలో స్కేల్ స్టైల్స్ అన్నది ఎంచుకోకపోతే చిత్రం మూడింతలైనా నీడ, గీత మునుపటి కొలతలోనే మిగిలి వెలవెలబోతాయి.

భద్రపరచడంలో జేపెగ్ ఫైలు పొరలను నిలుపుకోదు. పీఎస్‌డీ నిలుపుకొంటుంది. స్టూడియో నుండి ఈ రెంటినీ అడిగి తీసుకొనడం న్యాయమే. పేరులో తప్పు దొర్లితే పీఎస్‌డీలోని అక్షరాల పొరను సరిదిద్దితే చాలు, ఎఫెక్ట్ దానంతట అదే కొత్త అక్షరాలకు అమరుతుంది. అయితే యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో కూర్చినచో, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలు చెదరిపోతాయి. రామభద్ర, మండలి, సూరన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో ఈ బాధ తక్కువ. ఫోటోషాప్‌లో వొత్తులు విడిపోయి కనబడితే వరల్డ్ రెడీ లేఅవుట్ అనే అమరికను ఎంచుకొనవలెను.

ఫోటోషాప్ కొనలేనివారికి జింప్ ఉచితంగా లభిస్తుంది. అందులో నీడ మునుపు పిక్సెళ్ళలోనే కలిసిపోయేది. 2025లో వచ్చిన 3.0 వెర్షన్ నుండి తరువాత మార్చుకొనే వీలు కలిగినది. బ్రౌజరులోనే నడిచే ఫోటోపీ లేయర్ స్టైల్స్‌తో సహా పీఎస్‌డీ ఫైళ్ళను తెరుస్తుంది. చిత్రం వారి సర్వరుకు పోక ఇంటి కంప్యూటరులోనే ఉంటుంది.