ఉప్పలపాడు పక్షుల కేంద్రం

ఉప్పలపాడు పక్షుల కేంద్రం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములో, గుంటూరు జిల్లా పెదకాకాని మండలానికి చెందిన ఉప్పలపాడు గ్రామములో ఉన్నది. ఇది గుంటూరు నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరములో గలదు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మొదలగు పెద్ద నీటిపక్షులు ఇక్కడ గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. పెద్ద సరస్సు గాని, దట్టమైన అడవి గాని లేకుండా, ఊరి చెరువులోనే వేలాది పక్షులు నివసించడం దీని ప్రత్యేకత.

నైసర్గిక స్వరూపం

పూర్వపు గుంటూరు జిల్లాలో పడమటి భాగం పత్తి, మిరప పండే మెట్ట. తూర్పు భాగం వరి పండే కృష్ణా డెల్టా. గుంటూరు నగర పరిసరాలు ఇంచుమించు ఈ రెంటికీ సరిహద్దు. పక్షులు గూటికి మాత్రమే చెరువును ఆశ్రయించి, ఆహారానికి వరిచేలకు, కాలువలకు, చేపల చెరువులకు ఎగిరిపోతాయి. కాబట్టి ఈ కేంద్రం మనుగడ చెరువుగట్టుతో ముగిసేది కాదు.

చెరువులోని సర్కారు తుమ్మ చెట్లే గూళ్ళకు ఆధారం. చెట్ల చుట్టూ ఉన్న నీరు కోటకు కందకం వంటిది. నీరు ఎండితే కుక్కలు, పిల్లులు చెట్ల దాకా నడచి రాగలవు.

ముఖ్యమైన పక్షులు

* గూడబాతు: పైముక్కు అంచు వెంట మచ్చలు, ముక్కు క్రింద సంచి ఉంటాయి. సాధారణంగా 3 లేక 4 గుడ్లు పెడుతుంది. సుమారు 30 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. పిల్లలు తల్లిదండ్రుల గొంతు సంచిలో తల దూర్చి ఆహారం తీసుకొంటాయి. ప్రపంచములో ఈ జాతి దక్షిణ, ఆగ్నేయ ఆసియాలలో మాత్రమే ఉన్నది.
* ఎర్రకాళ్ళ కొంగ: పసుపురంగు ముక్కు, తోక వద్ద గులాబి ఈకలు దీని గుర్తులు. సగం తెరచిన ముక్కును నీటిలో ఉంచి, చేప తగలగానే మూస్తుంది.
* చిల్లుముక్కు కొంగ: ప్రధాన ఆహారం నత్తలు. ముక్కు మధ్య సందు పెద్ద పక్షులకే ఉంటుంది, పిల్లలకు ఉండదు.
* తెల్ల కంకణాయి, నీటికాకి, పాముమెడ పక్షి, రాత్రి కొంగ కూడా ఇక్కడ కనిపిస్తాయి.

వలస గురించి

ఈ పక్షులన్నీ సైబీరియా నుండి వస్తాయన్న ప్రచారం కలదు. ఇది సరి కాదు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, చిల్లుముక్కు కొంగ మన ఉపఖండములోనే గ్రుడ్లు పెట్టే పక్షులు. ఇవి నీటిని, ఆహారాన్ని బట్టి ఒక చోటి నుండి మరొక చోటికి మారుతుంటాయి. ఈ తేడా ముఖ్యమైనది. ఇక్కడ గూళ్ళు చెడితే ఉత్తరాన వేరొక చోట సంతతి పెరుగుతుందని భావించడానికి వీలు లేదు. నిజమైన వలస పక్షులు సూదితోక బాతు, గులాబి గోరింక వంటివి. ఇవి వేసవికి మునుపే ఉత్తరాదికి మరలిపోతాయి.

వసంతకాలములో పక్షుల వీక్షణ

ఫిబ్రవరి, మార్చి నెలల ఉదయం వేళలు వీక్షణకు అనుకూలం. ఎగరడం నేర్చుకొనే పిల్లలను, వాటికి ఆహారం తెచ్చే పెద్ద పక్షులను ఒకేసారి చూడవచ్చు. నీటికాకులు తడిసిన రెక్కలను చాచి ఎండలో ఆరబెట్టుకొంటాయి. ఎండ ముదిరేసరికి సందడి తగ్గుతుంది.

సముద్రతీర పక్షులను చూడగోరువారు బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరములోని సూర్యలంక, ఇంకా నిజాంపట్నం మడ అడవుల ప్రాంతానికి వెళ్ళవచ్చు. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ ప్రాంతాలు బాపట్ల జిల్లాలో ఉన్నవి. చలికాలం గడిపిన ఉల్లంకి పిట్టలు మార్చి, ఏప్రిల్ నెలలలో కొత్త రంగులు సంతరించుకొని ఉత్తరానికి ప్రయాణం కడతాయి.

సంరక్షణ

ఒకప్పుడు ఇక్కడ సుమారు 12,000 పక్షులు ఉండేవని, తరువాత అవి 7,000 వరకు తగ్గాయని అంచనా. చెట్ల కొరతను తీర్చడానికి కృత్రిమ వృక్షాలు ఏర్పాటు చేశారు. నీటి సరఫరాకు, గ్రామస్థులలో అవగాహనకు కూడా చర్యలు తీసుకొన్నారు.

ఇటువంటి స్థావరం ఎంత పెద్దదైనా శాశ్వతం కాదనడానికి మన రాష్ట్రములోనే ఉదాహరణ కలదు. కొల్లేరు ప్రాంతములో 1946లో కె.కె. నీలకంఠన్ గుర్తించిన గూడబాతుల పెద్ద స్థావరం 1970ల మధ్యకాలానికి అంతరించినది. ఉప్పలపాడు చెరువులో నీరు, చెట్లు మిగిలినా, చుట్టుప్రక్కల కాలువలు, వరిచేలు పురుగుమందులతో కలుషితమైతే పక్షులకు ఆహారం కరవవుతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షులను వేటాడటం, గ్రుడ్లను తీయడం నేరం. సందర్శకులు గూళ్ళకు దూరంగా ఉండి, నిశ్శబ్దం పాటించవలెను. పెద్ద పక్షి బెదరి గూడు విడిస్తే, గ్రుడ్లు, పసిపిల్లలు ఎండకు, కాకులకు బలి అవుతాయి.