ఒక్క గంట పనికి ఒక దేనారం

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కూలీల కోసం బయల్దేరతాడు. రోజుకి ఒక దేనారం అని మాట్లాడుకుని కొందర్ని తోటకి పంపుతాడు. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్లీ సంతవీధికి వెళ్లి, ఖాళీగా నిలబడ్డవాళ్లను పనిలో పెట్టుకుంటాడు. ఇంకో గంటలో పొద్దు గూకుతుందనగా ఐదింటికి కూడా వెళతాడు. అప్పటిదాకా ఎందుకు నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదని వాళ్లు చెబుతారు.

సాయంత్రం కూలి పంచేటప్పుడు చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టమంటాడు యజమాని. గంటసేపు పనిచేసినవాళ్ల చేతిలో దేనారం పడింది. అది చూసి పొద్దున్నుంచీ ఎండలో ఒళ్లు వంచినవాళ్లు తమకెంత వస్తుందో లెక్కలు వేసుకున్నారు. వాళ్లకీ దేనారమే ఇచ్చాడు.

ముందొచ్చినవాళ్లకి ముందే ఇచ్చి పంపేస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఒప్పుకున్న కూలి ముట్టింది కాబట్టి సంతోషంగా ఇంటికి వెళ్లేవాళ్లు. ఎవరికెంత దక్కిందో వాళ్లు కళ్లారా చూసేలా యేసు కావాలనే ఆ వరుస తిప్పాడు. వాళ్ల ఫిర్యాదు వినండి: తమకి తక్కువ ఇచ్చాడని కాదు, గంటసేపు చేసినవాళ్లను తమతో సమానం చేశాడని. ఈ కథలో ముల్లు అక్కడుంది.

కథకి వాడిన సరుకంతా యూదుల జీవితంలోంచి, లేఖనాల్లోంచి వచ్చిందే. పేదవాడి ప్రాణం ఆ కూలి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి పొద్దు గూకకముందే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. దేనారం రోమన్ల వెండి నాణెం, ఒక మనిషి రోజు కూలి. అందులో పన్నెండో వంతు పట్టుకుని ఇంటికి వెళితే ఆ రాత్రి పిల్లలకి తిండి ఉండదు. ద్రాక్షతోట అనగానే ఇశ్రాయేలు గుర్తొచ్చేలా యెషయా ఏడు శతాబ్దాల ముందే పాట కట్టాడు. ఉపమానంతో మనిషిని ఇరికించే పద్ధతి అంతకన్నా పాతది. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ నాతాను ప్రవక్త చెబితే, దావీదు ఆ ధనవంతుడి మీద మండిపడ్డాడు. ఆ ధనవంతుడివి నువ్వేనని ప్రవక్త అన్నాడు.

ఇక్కడ ఇరుక్కున్నది ఎవరు? 19వ అధ్యాయం చివర్లో పేతురు యేసుని ఒక మాట అడుగుతాడు: మేం అన్నీ వదిలేసి నీ వెంట వచ్చాం కదా, మాకేం దొరుకుతుంది? సింహాసనాల మాట ఇచ్చిన యేసు, వెంటనే ఈ కథ చెప్పాడు. అంటే పొద్దున్నే వచ్చిన కూలీ పేతురే. ఈ కథ తగిలేది నమ్మనివాళ్లకి కాదు, ముందుగా నమ్మి ఎక్కువ కష్టపడినవాళ్లకి.

సంఘం ఆ దెబ్బను చాలాకాలం పక్కకి మళ్లించింది. 2వ శతాబ్దంలో ఐరేనియస్ ఆ ఐదు పిలుపుల్లో లోకచరిత్రలోని యుగాలను చూశాడు. 590 నుంచి 604 దాకా పోపుగా ఉన్న గ్రెగొరీ దాన్ని ఇంకా వివరంగా లెక్కకట్టాడు: తెల్లవారుజాము ఆదాము కాలం, చివరి గంట క్రీస్తు తర్వాతి కాలం. అలా చివరి గంటలో పిలుపు అందినవాళ్లు అన్యజనులయ్యారు, పొద్దున్నుంచీ పనిచేసినవాళ్లు యూదులయ్యారు. ఈ లెక్క విన్న క్రైస్తవుడికి తనని తాను ప్రశ్నించుకునే పని తప్పింది. యూదులను చిన్నచూపు చూడడానికి ఇంకో సాకు దొరికింది. ఈ వ్యాఖ్యానం నాకు బాధ కలిగిస్తుంది.

యూదుల్లోనూ ఇలాంటి కథ ఉంది. చిన్న వయసులో చనిపోయిన రబ్బీ బూన్ బర్ హియ్యా అంత్యక్రియల్లో రబ్బీ జేరా దాన్ని చెప్పాడని యూదుల గ్రంథం యెరూషలేము తల్మూదులో ఉంది. అందులో రెండు గంటలు పనిచేసినవాడికి రోజు కూలి ఇస్తారు, ఎందుకంటే మిగతావాళ్లు రోజంతా చేసిన పని అతను రెండు గంటల్లో చేశాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి అది గొప్ప ఓదార్పు. యేసు కథలో ఆ కారణం కూడా లేదు. చివర వచ్చినవాళ్లు బాగా చేశారని ఎక్కడా అనడు.

యుగాల లెక్కలు వదిలేసి, కూలి అంటే కూలి అనే చదివినవాడు జాన్ రస్కిన్. 1860లో 'కార్న్‌హిల్' పత్రికలో ఆయన రాసిన ఆర్థిక వ్యాసాలు ఇంగ్లండులో ఎంత కోపం తెప్పించాయంటే, నాలుగింటితోనే ఆపెయ్యాల్సివచ్చింది. 1862లో పుస్తకంగా వేసినప్పుడు పెట్టిన పేరు, 'అంటూ దిస్ లాస్ట్' (ఈ చివరివాడికి కూడా), ఈ ఉపమానంలోదే. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైలెక్కుతున్న గాంధీ చేతిలో ఆయన స్నేహితుడు పోలాక్ ఆ పుస్తకం పెట్టాడు. ఆ రాత్రి గాంధీకి నిద్ర పట్టలేదు. అదే ఏడాది మొదలైన ఫీనిక్స్ ఆశ్రమంలో అచ్చు పని చేసేవాళ్లందరికీ, రంగుతో, దేశంతో సంబంధం లేకుండా, నెలకి 3 పౌన్లే ఇవ్వాలనుకున్నారు. 1908లో ఆయన ఆ పుస్తకాన్ని గుజరాతీలోకి సంగ్రహించి 'సర్వోదయ' అన్నారు.

1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి గాంధీ శిష్యుడు వినోబా భావే నడిచి వచ్చారు. తర్వాత తెలంగాణ పల్లెల్లోకి వెళ్లారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ద్రాక్షతోట కూలీల కథ ఇన్ని చేతులు మారి తెలంగాణ నేల మీద కాలు పెట్టింది.

అసలు యజమానిని దేవుడనుకోవడమే తప్పంటాడు 1994లో అమెరికన్ పండితుడు విలియం హెర్జోగ్. ఆయన చూపులో ఇది కూలీలను అవమానించే భూస్వామి కథ. నా సొమ్ము నా ఇష్టం అనే యజమాని మాట నన్నూ ఇబ్బంది పెడుతుంది. అయినా హెర్జోగ్‌తో పూర్తిగా వెళ్లలేను, ఎందుకంటే ఆయన దారిలో సమానం చేశాడన్న సణుగుడు న్యాయమైన గొంతుగా మారిపోతుంది.

ఆ సణుగుడు ఒంగోలులోనూ వినిపించింది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మొదట్లో పైకులాలవాళ్లూ వచ్చేవాళ్లు. మాదిగలను చేర్చుకుంటే మేం రాబోమన్నారు. క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు. 1877 కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి తవ్వకం పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఎవరూ పిలవనివాళ్లు తోటలోకి రావడమంటే ఇదే. ఇవాళ తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో చాలాచోట్ల పెళ్లి సంబంధం వస్తే ముందు అడిగేది కులమే. ఒకే ఊళ్లో ఒకే మతశాఖకి చెందినవాళ్లు కులాన్ని బట్టి వేరు వేరు చోట్ల ఆరాధన చేసుకునే ఊళ్లు ఇంకా ఉన్నాయి.