చెప్పామా అని కాదు, చేరిందా అని

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పెనుతుఫాను విరుచుకుపడింది. గౌతమి సముద్రంలో కలిసేచోట ఉన్న ఐ.పోలవరం మండలం భైరవపాలెం బాగా దెబ్బతింది. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇచ్చింది. అప్పటికే వేటకు వెళ్లిన మత్స్యకారుల్లో ఎందరికో అవి అందలేదు. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి వెయ్యి దాటారు.

హెచ్చరిక పంపడం వేరు, అది మనిషిని చేరడం వేరు. చేరిందో లేదో తేల్చే పద్ధతి మెల్లగా రూపుదిద్దుకుంది.

ఎన్ని కరపత్రాలు పంచాం, ఎన్నిసార్లు మైకులో చెప్పాం అని లెక్క వేసుకోవడం తేలిక. ఆ లెక్క చాలదు. 1999 సెప్టెంబరులో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఆరోగ్య కార్యక్రమాల మూల్యాంకనానికి ఆరు మెట్లు ప్రకటించింది. భాగస్వాములను కలుపుకోవడం, కార్యక్రమాన్ని వివరించడం, ఏం తేల్చాలో నిర్ణయించడం, నమ్మదగిన ఆధారాలు సేకరించడం, నిర్ధారణకు రావడం, నేర్చుకున్నది ఆచరణలో పెట్టడం. జనాన్ని కలుపుకోవడమే అందులో మొదటి మెట్టు.

2001లో అమెరికాలో ఆంత్రాక్స్ క్రిములు పెట్టి పంపిన ఉత్తరాల వల్ల ఐదుగురు చనిపోయారు. అధికారుల మాటల్లో పొంతన లేక జనం అయోమయంలో పడ్డారు. మరుసటి ఏడాదే సీడీసీ ఆపత్కాల సమాచారంపై శిక్షణ మొదలుపెట్టింది. సార్స్ వ్యాధి అనుభవంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో, వ్యాధులు ప్రబలినప్పుడు జనానికి ఎలా చెప్పాలో మార్గదర్శకాలు తెచ్చింది. నమ్మకం, త్వరగా చెప్పడం, దాపరికం లేకపోవడం, జనం ఏమనుకుంటున్నారో వినడం, ముందస్తు ప్రణాళిక వాటిలో ముఖ్యమైనవి.

ఇదంతా ఐ.పోలవరానికి ఎందుకు? తుఫాను వెలిశాక "నీళ్లు కాచి తాగండి" అని చాటిస్తారు. తడిసిన కట్టెలతో ఒక ఇల్లాలు పొయ్యి ఎలా వెలిగిస్తుంది? ఆమె మాట విన్నది, నమ్మింది, చేయలేకపోయింది. ఈ సంగతి కరపత్రాల లెక్కలో కనిపించదు. ఆశా కార్యకర్తను అడిగితే తెలుస్తుంది. సముద్రంలో ఎంతదూరం దాకా ఫోను పలుకుతుందో బోటు మీద వెళ్లేవాళ్లకే తెలుసు. విరేచనాల కేసులు ఎక్కడ పెరిగాయో ఆసుపత్రి డాక్టరుకు తెలుసు. వీళ్లంతా ముందుగా ఒకచోట కూర్చుంటేనే సరైన ప్రశ్నలు పుడతాయి. విపత్తు దాటాక అడుగుదామంటే ఎవరికి ఎప్పుడు కబురందిందో జ్ఞాపకాలు చెదిరిపోతాయి.

అందుకే తుఫానుల కాలం రాకముందే ప్రతి తీర గ్రామంలో సర్పంచి, ఏఎన్‌ఎం, మత్స్యకారులు, మహిళా సంఘాలు కలిసి నాలుగు ప్రశ్నలు రాసిపెట్టుకోవాలి. కబురు ఎవరికి చేరింది? ఎప్పుడు చేరింది? నమ్మారా? చేయడానికి ఏం అడ్డొచ్చింది? జవాబులు గ్రామసభలో అందరి ముందూ చదవాలి. వచ్చే హెచ్చరికను ఆ జవాబుల ప్రకారమే సరిదిద్దుకోవాలి.