మందు చెప్పని పథ్యము

మన ఇండ్లలో కామెర్ల వ్యాధికి ఎంత పేరు కలదో, దానికి చెప్పు పథ్యమునకును అంత పేరు కలదు. నూనె తగులరాదు, కారము కూడదు, మజ్జిగ అన్నముతో సరిపెట్టుకొనవలెను. ఆకుపసరు పుచ్చుకొన్న దినములలో ఆలుమగలు వేరు పడకలపై పరుండవలెనని చెప్పుటయు కలదు. పసరు గుణము ఎట్లున్నను, ఆ మాట చెప్పిన పెద్దలకు ఒక సంగతి తెలిసియుండెను: చెడినది కాలేయమే యైనను, ఆ జబ్బు భారము దాంపత్యముపైనను పడును. పాత వైద్యము ఈ సంగతిని నోరు విప్పి చెప్పినది. కొత్త వైద్యమున, చాలకాలము పాటు, చెప్పవలసిన ఈ మాట మందుపెట్టెలోని సన్నని అక్షరముల కాగితము దాటి రాలేదు. ఆ మౌనము వెనుక నున్న చరిత్రను నేడు ముచ్చటింతము.

కామెర్లు వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. కన్నులు పచ్చబడుటకు కారణములలో కాలేయమును పట్టు వైరసులు ముఖ్యమైనవి. చెడునీటి మూలమున వచ్చు హెపటైటిస్ 'ఎ' సాధారణముగ కొన్ని వారములలో తగ్గిపోవును. రక్తము మూలమున సోకు 'బి', 'సి' రకములు అట్లు కావు. అవి చాలమందిలో ఏండ్ల తరబడి నిలిచి, చడి చప్పుడు లేక కాలేయమును గట్టిపరచును. 'బి' రకపు గుర్తును బరూక్ బ్లంబర్గు అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియా ఆదివాసి ఒకని రక్తములో కనుగొని 1965లో ప్రకటించెను. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. 'సి' వైరసు 1989 వరకు చిక్కలేదు. దానిని పట్టి యిచ్చిన కృషికి ముగ్గురు శాస్త్రజ్ఞులు 2020లో నోబెల్ బహుమతి నందిరి.

వ్యాధి పేరు తెలియకమునుపే మందు పుట్టుట ఈ కథలోని చిత్రము. 1957లో లండను నగరపు మిల్ హిల్ పరిశోధనశాలలో అలిక్ ఐజాక్సు, ఝాన్ లిండెన్‌మాన్ అను ఇరువురు, కోడిగ్రుడ్డు పొరలపై ఇన్‌ఫ్లుయెంజా వైరసును ప్రయోగించుచు, ఒక వైరసు సోకిన కణములు మరియొక వైరసును అడ్డగించు పదార్థమును వెలువరించుట గమనించిరి. అడ్డగించునది గనుక ఇంటర్‌ఫెరాన్ అని పేరిడిరి. మొదట దానిని మనుష్య రక్తమునుండి చుక్క చుక్కగా తీయవలసి వచ్చెను. 1980 ప్రాంతమున జన్యువిద్య సాయమున సూక్ష్మజీవులలో దానిని పండించుట సాధ్యమైనది. 1986లో అమెరికా వైద్యుడు జే హూఫ్‌నాగిల్, ఆయన సహచరులు, అప్పటికి పేరైన లేని 'సి' రకపు రోగులు పదిమందికి దీనిని ఇచ్చి, గుణము కనబడినదని ప్రకటించిరి. 1998లో రిబావైరిన్ అను మాత్ర దీనికి జోడైనది.

ఈ కథలో మన హైదరాబాదునకును చోటు కలదు. 1993లో కె. ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్సు సంస్థ, 1997లో హెపటైటిస్ 'బి' టీకాను స్వదేశమున తయారుచేసి, అంతవరకు ధనికులకే అందిన రక్షణను సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చినది. ఆ సంస్థయే 2002లో ఇంటర్‌ఫెరానును కూడ విడుదల చేసినది. విదేశముల నుండి రావలసిన మందు మన ముంగిట తయారైనది.

ఇక ఆ మందు ఇంటికి వచ్చినపుడు ఏమగునో చూతము. బొగ్గుబాయిలతో పెరిగిన బెల్లంపల్లిలో, ఆ కాలమున, ఒక నడివయసు కార్మికుని ఊహింతము. రైలెక్కి హైదరాబాదు పోయి, మందు చల్లదనము చెడకుండ మంచుగడ్డల మధ్య పెట్టుకొని తిరిగివచ్చును. వారమునకు మూడు సూదులు. ఆరు నెలలో, ఏడాదియో. సూది పడిన రాత్రి జ్వరము, వణుకు, ఒళ్లునొప్పులు. జుట్టు రాలును, ఆకలి పోవును, రక్తము పలుచబడును. ఇవన్నియు వైద్యుడు ముందుగ చెప్పినవే గనుక ఇంటివారు ఓర్చుకొందురు. చెప్పనిది ఒకటి మిగిలెను. రెండు మూడు నెలలు గడచునప్పటికి అతనికి భార్యపై కోరిక సన్నగిల్లును. కోరిక యున్ననాడు అంగము సహకరింపదు. తనకు వయసు మీరినదని అతడు క్రుంగును. తనపై మనసు విరిగినదని ఆమె తలచును. నింద మందుది. శిక్ష ఇరువురిది.

ఇట్టి బాధ ఎందరికి కలిగెనో తెలియుటకు చాలకాలము పట్టినది. కారణము సులభము: అడుగనిదే ఎవరును చెప్పరు. జ్వరము వచ్చినదా యని వైద్యుడు అడుగును. ఈ మాట అడుగుటకు ఆయనకును సంకోచమే. అమెరికాలో వైరాహెప్-సి అను అధ్యయనమున రోగులచేతికే ప్రశ్నల కాగితములిచ్చి, చికిత్సకు ముందు, నడుమ, పిదప వ్రాయించిరి. పురుషుల జవాబులు 2009లో వెలువడినవి. చికిత్సకు ముందే నూటికి 37 మంది ఏదో ఒక లోపము కలదనిరి. చికిత్స మొదలిడిన 24వ వారమున నూటికి 38 నుండి 48 మంది వరకు తమ శక్తి మునుపటికంటె తగ్గినదనిరి. చికిత్స ముగిసిన పిదప వారి స్థితి మెరుగుపడినది.

ఈ అంకెలలో రెండు సత్యములు కలవు. ఒకటి, తప్పంతయు మందుది కాదు. కాలేయము గట్టిపడినపుడు పురుషత్వమును పోషించు హార్మోను తగ్గును. జబ్బు భయము, అలసట తోడగును. రెండవది, మందు ఆ భారమును పెంచును. ఇంటర్‌ఫెరాన్ అలసటను, మనోవ్యాకులతను కలిగించుట తెలిసిన సంగతియే. దిగులు పడిన మనస్సున కోరిక నిలువదు. కాని అది చాలమందికి తాత్కాలికము. ఈ ఒక్క మాట ముందుగ తెలిసియుండిన ఎన్ని ఇండ్లలో అపోహ తొలగియుండెడిదో! స్త్రీల మాటయో, ఆ వెలువడిన జవాబులలో లేదు.

రిబావైరిన్ విషయమున మౌనము మరింత ప్రమాదకరము. జంతువులపై జరిపిన పరీక్షలలో అది గర్భస్థ శిశువునకు హాని చేయునని తేలినది. కనుక దానిని వాడునది భార్య యైనను, భర్త యైనను, చికిత్సాకాలమునను, అటుపిమ్మట భర్త వాడిన కనీసము ఆరు నెలలును, భార్య వాడిన కనీసము తొమ్మిది నెలలును గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను. ఇది వైద్యుడు సిగ్గుపడి విడువదగిన మాట కాదు.

కాలము మారినది. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫాస్‌బువిర్ అను మాత్రకు అనుమతి లభించినది. 2015లో నాట్కో, హెటిరో మొదలగు హైదరాబాదు సంస్థలు దానిని విదేశపు వెలతో పోల్చిన అతి చవకగ తెచ్చినవి. తోడు మందులతో కలిపి సుమారు పండ్రెండు వారములు మ్రింగిన నూటికి తొంబదిమందికి పైగా 'సి' వైరసు నుండి విముక్తులగుచున్నారు. సూది బాధ లేదు, ఇంటర్‌ఫెరాన్ తెచ్చిన దిగులు లేదు. 'బి' రకమునకును నేడు ఎక్కువగ మాత్రలే వాడుచున్నారు. 2018 జూలై 28న, బ్లంబర్గు జన్మదినమైన ప్రపంచ హెపటైటిస్ దినమున, మన దేశము జాతీయ కార్యక్రమమును ప్రారంభించి ఉచిత పరీక్షలకు, మందులకు ఏర్పాటు చేసినది.

ఐనను ఇంటర్‌ఫెరాన్, రిబావైరిన్ పూర్తిగ మూలబడలేదు. కొందరికి నేటికిని అవసరమగుచున్నవి. మందు మారినను మాట మారవలసియే యున్నది. చికిత్సకు పోవునపుడు దంపతులు కలిసి పోవుదురు గాక. ఆకలి నిద్రల గూర్చి అడిగినట్లే ఈ సంగతియు అడుగుదురు గాక. 'బి' రకము సంసార సంపర్కమువలనను సోకును గనుక జీవిత భాగస్వామికి పరీక్ష, టీకా మరువరాదు. బాధ కలిగినదని మందును తమంతట తాము మానరాదు; వైద్యునితో చెప్పవలెను. పసరు మందు నాటి పెద్దలు గడప దగ్గర నిలిచి చెప్పిన ఆ ఒక్క మాటను, మందు సంగతి బాగుగ తెలిసిన మనము గదిలో కూర్చుండి చెప్పలేమా?