అతుకు కనబడని బొమ్మ

శిల్పం చెక్కినవాడిని చరిత్ర అప్పుడప్పుడైనా తలచుకుంటుంది గాని, ముక్కకు ముక్కను అతికినవాడిని తలచుకున్న దాఖలాలు బహు అరుదు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతాన్నే తీసుకుందాం. జగ్గయ్యపేట చెంత ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించినప్పుడు ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, సిద్ధార్థుడనే అతడు మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలు నిలిపించాడని దాని సారాంశం. ఆ దాత రాజు కాడు, శ్రేష్ఠి కాడు. శాసనం అతడినీ, అతడి తండ్రినీ కూడా 'ఆవేసని' అని పేర్కొన్నది. అంటే చేతిపనివారిలో పెద్ద.

ఒక పనివాడి పేరు పదిహేడు శతాబ్దాలు నిలిచిందంటే అది రాతి చలవ. కొయ్యను నమ్ముకున్నవారికి ఆ భాగ్యం లేదు. వారి పేర్లు పోయి, వారి విద్య మాత్రం చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది. ఆ విద్యను చూడాలంటే ఎంతో దూరం పోనక్కరలేదు. జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా బెజవాడ వెళ్లే రహదారి ఇబ్రహీంపట్నం చేరేసరికి పక్కనే కొండపల్లి. ఈ ఊళ్లన్నీ 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

కొండపల్లి బొమ్మ అనగానే రంగులు గుర్తుకు వస్తాయి. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కుతున్న గీతకాడు, ఎడ్లబండి. వాటిని చూసినవారిలో ఎక్కువమంది అవి ఒకే చెక్కలోంచి చెక్కినవనుకుంటారు. నిజానికి ఏనుగు ఒళ్లు వేరు, చెవులు వేరు, తొండం వేరు, అంబారీ వేరు. కొయ్యకు నార ఒక దిక్కున ఉంటుంది. ఆ నారకు అడ్డంగా సన్నని భాగాన్ని మలిస్తే అది ఇట్టే విరుగుతుంది. కనుక ఒక్కొక్క అవయవాన్ని దాని నారకు అనువుగా విడిగా చెక్కి, తరువాత అతకడమే మార్గం.

అతికేది మక్కుతో. చింతగింజలను పొట్టు తీసి, పొడి చేసి, ఉడికించగా వచ్చిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు. చింతగింజ పప్పులోని పిండిపదార్థం నీళ్లలో ఉడికితే చిక్కని బంకవుతుంది. నేత మగ్గాలకు వెళ్లే నూలుకు గంజి పట్టించడానికీ అదే పనికివస్తుంది. తెల్ల పొణికి చెక్క తేలికైనది, గుల్లగా ఉంటుంది. బంకలోని తడిని అది పీల్చుకుంటుంది, బంక దాని రంధ్రాలలోకి దిగి గట్టిపడుతుంది. బంక ఒక్కటే అయితే ఎండేటప్పుడు ముడుచుకొని బీటలు వారును. రంపపు పొట్టు దానికి ఒంటినిస్తుంది.

ఇందులో మెచ్చదగిన సంగతి మరొకటి ఉన్నది. మక్కు కేవలం అతికేది కాదు, పూడ్చేది కూడాను. అంచు దాటి పొంగినా దోషం లేదు. ఆరిన తరువాత ఆకురాయితో రాస్తే అదీ ఒంటిలో కలిసిపోతుంది. పైన సుద్ద పూత, ఆపైన రంగు. ఏది కొయ్యో ఏది మక్కో చేసినవాడికే తెలియాలి.

జిగురును మన పూర్వులు చిన్నచూపు చూడలేదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో 'వజ్రలేపం' పేరిట ఒక అధ్యాయమే కేటాయించాడు. తుమికి కాయలు, వెలగ కాయలు, బూరుగ పూలు మొదలైనవాటిని నీళ్లలో వేసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి, గుగ్గిలం వంటి బంకలు కలిపి, వేడిగా ఉండగానే ఆలయాలకూ విగ్రహాలకూ గోడలకూ పూయమన్నాడు. కోటి సంవత్సరాలు నిలుస్తుందన్నాడు. సంఖ్యను అతిశయోక్తిగా తీసుకున్నా, అతుకు పట్ల ఆనాటివారి గౌరవం అతిశయోక్తి కాదు.

అయితే ప్రతి జిగురూ ప్రతి వస్తువుకూ చెల్లదు. అమెరికాలో ఉన్న బ్లాగ్మిత్రులు టర్కీ కోడిని పండుగ బల్ల మీదనే కాక అడవిలోనూ చూసి ఉంటారు. అక్కడి వేటగాళ్లు పెట్ట కూతను అనుకరించి పుంజును పిలవడానికి చేత్తో చేసుకునే పరికరాలున్నాయి. చెక్కపెట్టె తరహాదానికి ఆర్కాన్సాలో హెన్రీ గిబ్సన్ 1897లోనే పేటెంటు పొందాడు. మరొక తరహాలో చిన్న చెక్క గిన్నె మీద గాజు బిళ్లను అతికి, దాని మీద పుల్లతో గీస్తారు. పుల్ల పట్టి విడుస్తూ, పట్టి విడుస్తూ జారితే వయొలిన్ తీగ మీద కమానులాగ కూత పుడుతుంది.

ఈ గాజు దగ్గర మక్కు విద్య తలకిందులవుతుంది. గాజుకు రంధ్రాలు లేవు. బంకలోని తడి అటువైపు పోయే దారి లేదు. వేలిముద్ర జిడ్డు చాలు, పట్టు చెడడానికి. పొంగిన జిగురు గీసే చోటికి పాకితే పుల్ల జారిపోతుంది, తక్కువైతే అంచున సందు మిగిలి బిళ్ల గిలగిలలాడుతుంది. అందుకని అంచును శుభ్రంగా తుడిచి, గిన్నె లోపలి మెట్టు మీద సన్నని వలయంగా సిలికోన్ వంటి జిగురు వేసి, బిళ్లను సమంగా ఆనించి ఆరనిస్తారు. కొయ్య పనివాడి తప్పును మక్కు దాచిపెడుతుంది. గాజు దేన్నీ దాచదు.

ఈ పోలిక వల్ల తేలేదేమంటే, జిగురు వస్తువును బట్టి పుడుతుంది. కొండపల్లి మక్కు ఆ కొండల పొణికి చెట్టు నుంచీ, ఊరి చింతచెట్టు నుంచీ పుట్టింది. బొమ్మ చెక్కగా రాలిన పొట్టే తిరిగి బొమ్మ ఒంటిలోకి చేరుతుంది. తెల్ల పొణికి దొరకడం కష్టమైపోతున్నదని బొమ్మలవారు ఎన్నాళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు. బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కాని ఆ గుర్తింపు పేరును కాపాడగలదు గాని చెట్టును నాటలేదు. చెట్టు పోయి మరో చెక్క, మరో అచ్చు వచ్చిననాడు రంగులు అలాగే ఉండవచ్చు, బొమ్మ అంగట్లో అమ్ముడుపోనూవచ్చు. పోయేది మాత్రం కంటికి కనబడని ఆ అతుకే. కనబడనిది పోయినప్పుడు ఎవరూ గమనించరు.

సిద్ధార్థుడి పేరును రాయి కాపాడింది. మక్కును కాపాడడానికి రాయి లేదు, మాట ఉన్నది. మీ మీ ఊళ్లలో వడ్రంగులు, బొమ్మలవారు, వీణలు చేసేవారు వాడే జిగుళ్లకు ఏ పేర్లున్నాయో, వాటిని ఎలా కాస్తారో తెలిసినవారు వ్రాసి ఉంచితే మేలు.